తోడు పెట్టిన మనిషి

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే అక్క నా చేతిలో ఒక క్యాప్సూల్స్ డబ్బా పెట్టి, దీంట్లో ఏముందో చదివి చెప్పమంది. అక్కకి పెళ్లయి ఏడేళ్లు. రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకుంది. రెండుసార్లూ పిండం నిలవలేదు. మూడోసారికి ముందు గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, అక్కడ ఏయే సూక్ష్మజీవులున్నాయో చూసే పరీక్ష చేయించుకోమన్నారట. దాంతోపాటు మూడు నెలలు ఈ ప్రోబయోటిక్ వాడమన్నారట. ఆ పరీక్ష ఖరీదు నా రెండు సెమిస్టర్ల మెస్ బిల్లుకి దగ్గర్లో ఉంది. డబ్బా మీద లాక్టోబాసిల్లస్ అంటూ నాలుగు రకాల పేర్లు. అక్క చదివింది బీకాం. నేను కెమికల్ థర్డ్ ఇయర్, బయోకెమికల్ ఇంజినీరింగ్ పేపర్ ఒకటి పాసయ్యాను కాబట్టి మా ఇంట్లో నేనే సైంటిస్టుని.

హాస్టల్‌కి తిరిగొచ్చాక చదవడం మొదలుపెట్టాను. ఏ వ్యాసం పట్టుకున్నా, ఏ పుస్తకం తెరిచినా, రెండు మూడు పేజీలు వెనక్కి వెళ్తే ఒకే మనిషి ఎదురొస్తున్నాడు. గుబురు గడ్డం, చెదిరిన జుట్టు, కళ్లజోడు. పేరు ఇల్యా మెచ్నికోవ్. పారిస్ వెళ్లాక ఎలీ అన్నారు. మన ఇంటర్ జువాలజీలో భక్షక కణాల పాఠంలో ఒక్క లైనులో వచ్చి పోయే పేరు ఇదే. నేనూ ఒక మార్కు బిట్టు కోసం బట్టీ పట్టి వదిలేసినవాణ్నే. ఈసారి వదల్లేదు. ఇది ఆయన కథ, మధ్యమధ్యలో మా అక్క వస్తుంది. అక్క ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరూ, హాస్పిటల్ పేరూ రాయకూడదన్నది తన షరతు.

1845 మే నెలలో ఖార్కివ్ దగ్గర ఒక పల్లెటూళ్లో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్, అప్పుడు రష్యా సామ్రాజ్యం. తండ్రి సైన్యంలో అధికారిగా చేసి వచ్చినవాడు. ఐదుగురు పిల్లల్లో ఈయనే ఆఖరివాడు. చిన్నప్పుడే మొక్కలూ పురుగులూ పోగేసి, అన్నదమ్ముల్నీ ఊరి పిల్లల్నీ కూర్చోబెట్టి లెక్చర్లు ఇచ్చేవాడట. వాళ్లు లేచి పోకుండా తన చేతిఖర్చు డబ్బుల్లోంచి తలా కాస్త ఇచ్చేవాడట. అటెండెన్స్ కోసం క్లాసులో కూర్చునే మనకి ఈ పద్ధతి నచ్చుతుంది. ఖార్కివ్ యూనివర్సిటీలో నాలుగేళ్ల కోర్సుని రెండేళ్లలో, 1864కల్లా ముగించాడు. దీని గురించి నేనేం మాట్లాడను, నాకింకా ఒక బ్యాక్‌లాగ్ ఉంది.

తర్వాత జర్మనీ, ఇటలీ. సముద్రపు పురుగులు, నత్తలు, జెల్లీ చేపలు, వాటి పిండాలు. 1865లో ఒక చదును పురుగుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, దాని కణాలే ఆహారాన్ని లోపలికి లాక్కుని అరిగించుకోవడం కనిపించింది. అప్పటికి అది ఒక వింత మాత్రమే. అసలు సంగతి పదిహేడేళ్ల తర్వాత తేలింది. ఇరవై రెండో ఏట ఒడెస్సాలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు.

1869లో లుద్మిలా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి అప్పటికే క్షయ. పెళ్లినాటికి నడిచే ఓపిక లేక కుర్చీలో కూర్చోబెట్టి చర్చిలోకి మోసుకెళ్లారు. నాలుగేళ్లపాటు వెచ్చటి ఊళ్లు వెతుక్కుంటూ తిప్పాడు, చివరికి మదీరా దీవిలో 1873 ఏప్రిల్లో ఆమె పోయింది. అప్పటికే ఆయన కళ్లు దెబ్బతిన్నాయి. మైక్రోస్కోపే జీవితమైన మనిషికి కళ్లు లేకపోతే ఏముంటుంది? తిరుగు దారిలో జెనీవాలో ప్రాణం తీసుకోబోయాడు. బతికాడు. ఆ తర్వాత ఒక రాత్రి రోన్ నది వంతెన మీద దీపం చుట్టూ ముసురుతున్న పురుగుల్ని చూసి, కొన్ని గంటలే బతికి, ఏమీ తినకుండానే పోయే ఇలాంటి పురుగులకి డార్విన్ చెప్పిన ఎంపిక ఎలా వర్తిస్తుందా అన్న ఆలోచనలో పడ్డాడు. చావు సంగతి పక్కకి పోయింది. నాకైతే ఇది చదివినప్పుడు కాసేపు ముందుకి సాగలేదు.

రెండేళ్లకి, 1875లో, పై వాటాలో ఉండే కుటుంబంలోని ఓల్గాని చేసుకున్నాడు. ఆమె అప్పుడు స్కూలు చదువులో ఉన్న పిల్ల, ఈయన జువాలజీ చెప్పేవాడు. ఇప్పుడైతే మనం ఒప్పుకోం, ఆ కాలంలో ఎవరూ తప్పు పట్టలేదు. ఓల్గాకి టైఫాయిడ్ వచ్చి చావు దాకా వెళ్లింది. అదే రోజుల్లో యూనివర్సిటీలో రాజకీయాలు, ఈయనకి గుండె జబ్బు. 1881లో మళ్లీ నిరాశ ముంచుకొచ్చి, తిరగబెట్టే జ్వరం ఉన్న రోగి రక్తం తనకి ఎక్కించుకున్నాడు. చస్తే చస్తాడు, లేదంటే ఆ జ్వరం రక్తం ద్వారా అంటుతుందో లేదో తెలుస్తుంది. తెలిసింది, అంటుతుంది. ఈసారీ బతికాడు, లేచాక మునుపటికంటే హుషారుగా ఉన్నాడు.

వాళ్లిద్దరికీ పిల్లలు లేరు. ఓల్గా తల్లిదండ్రులు పోయాక ఆమె తమ్ముళ్లూ చెల్లెళ్ల బాధ్యత ఈయన మీద పడింది. 1882లో ఒడెస్సా ఉద్యోగానికి రాజీనామా చేసి, ఆ పిల్లల్ని వెంటేసుకుని సిసిలీలో మెస్సీనా అనే ఊరికి, సముద్రం ఒడ్డు ఇంటికి చేరాడు. ఆ ఏడాది చివర్లో ఒక రోజు ఇంట్లోవాళ్లంతా కోతుల ఆట చూడ్డానికి సర్కస్‌కి వెళ్లారు. ఈయన ఒక్కడే మైక్రోస్కోప్ ముందు. కింద సముద్ర నక్షత్రం లార్వా ఉంది, గాజులాగా పారదర్శకం. లోపల కణాలు అటూ ఇటూ తిరగడం కనిపిస్తోంది. అప్పుడు తట్టింది, ఈ తిరిగే కణాల పని తిండి అరిగించడం ఒక్కటే కాదేమో, బయటినుంచి చొరబడ్డవాటిని ఎదిరించే కాపలా కూడా వీటిదేనేమో అని. కుర్చీలో కూర్చోలేకపోయాడు. గదిలో అటూ ఇటూ నడిచాడు, సముద్రం ఒడ్డుకి వెళ్లి వచ్చాడు.

పరీక్ష ఎంత చిన్నదో చూడండి. ఇంటి తోటలోని గులాబీ చెట్టు నుంచి కొన్ని ముళ్లు తుంచి, లార్వాల చర్మం కింద గుచ్చాడు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన వేలికి ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుందే, అచ్చం అలాగే. అయితే ఈ జీవికి రక్తనాళాలు లేవు, నరాల పోట్లూ లేవు. కాబట్టి ఆ మూగడం కణాలు సొంతంగా చేసే పని. ఖర్చు సున్నా. పరికరాలు: ఒక మైక్రోస్కోప్, ఒక గులాబీ చెట్టు. మన మినీ ప్రాజెక్టుకి బడ్జెట్ లేదని ఏడ్చేవాళ్లు ఈ పేరా రెండోసారి చదవండి.

తర్వాతి ఏడు మెస్సీనా వచ్చిన జర్మన్ దిగ్గజం విర్కోవ్ చూసి మెచ్చుకున్నాడు, జాగ్రత్తగా ముందుకెళ్లమన్నాడు. వియన్నాలో ప్రొఫెసర్ క్లౌస్ గ్రీకు మాటలు కలిపి ఫాగోసైట్ అని పేరు కుదిర్చాడు. ఊరికే పేరు పెట్టి ఊరుకోలేదు మెచ్నికోవ్. నీటి ఈగలకి బూజు తెగులు సోకినప్పుడు వాటి కణాలు బూజు బీజాల్ని మింగడం చూశాడు. ఆంత్రాక్స్ పట్టాడు, కుందేళ్లు పట్టాడు, కప్పలు పట్టాడు. జర్మన్లు ఒప్పుకోలేదు. రోగాన్ని ఎదిరించేది కణాలు కాదు, రక్తంలోని ద్రవంలో ఉన్న పదార్థాలే అని వాళ్ల వాదన. 1890లో బేరింగ్ విషానికి విరుగుడు రక్తరసంలో చూపించాక వాళ్ల చేతికి బలం వచ్చింది. ఇరవై ఏళ్లకి పైగా ఈ తగువు నడిచింది. ప్రతి అభ్యంతరానికీ ఒక కొత్త ప్రయోగంతో జవాబు చెప్పాడు. 1908లో నోబెల్ ఈయనకీ, ద్రవాల పక్షం పెద్దమనిషి పౌల్ ఎర్లిష్‌కీ కలిపి ఇచ్చారు. ఇద్దరూ నిజమేనని ఇప్పుడు మనకి తెలుసు.

మధ్యలో ఒడెస్సాలో కొత్తగా పెట్టిన బ్యాక్టీరియా పరిశోధనశాలకి డైరెక్టరుగా వెళ్లి రెండేళ్లలో విసిగిపోయాడు. డాక్టరు డిగ్రీ లేనివాడు టీకాలేంటని ఊళ్లో డాక్టర్ల గొడవ. దానికి తోడు ఆంత్రాక్స్ టీకా వేసిన గొర్రెలు వేల సంఖ్యలో చచ్చాయి. 1888లో పారిస్ వెళ్లి పాశ్చర్‌ని కలిస్తే, ముసలాయన కొత్త ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ల్యాబ్ ఇచ్చేశాడు. ఇక చచ్చేదాకా అక్కడే.

1892 సంవత్సరాన్ని నేను నోట్స్‌లో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

ఫ్రాన్స్‌లో కలరా వచ్చింది. ఒకే నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకడికి కలరా వస్తుంది, ఒకడికి రాదు. ఎందుకు? మెచ్నికోవ్ కలరా క్రిముల్ని తనే తాగాడు. ఏమీ కాలేదు. ల్యాబ్‌లో ఇంకొకాయన తాగాడు, ఏమీ కాలేదు. మూడో అతను తాగాడు, చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత ఇలాంటి పనికి ఎవర్నీ ఒప్పుకోనివ్వలేదు. అప్పటికి నీతి కమిటీలు లేవు, ఉంటే ఈ పేరా ఉండేది కాదు. గాజు పళ్లాల్లో పెంచి చూస్తే, కొన్ని సూక్ష్మజీవులు పక్కనుంటే కలరా క్రిమి విజృంభిస్తోంది, ఇంకొన్ని ఉంటే అణిగిపోతోంది. అంటే లోపలికి వచ్చిన క్రిమి ఒక్కటే లెక్క కాదు, అక్కడ ముందునుంచీ కాపురం ఉంటున్నవి ఏవి అన్నది కూడా లెక్కే. ఈ రోజు మైక్రోబయోమ్ అని మనం స్టైల్‌గా అంటున్నది ఇదే.

సరిగ్గా అదే 1892లో, లైప్‌సిగ్‌లో ఆల్బర్ట్ డోడర్లైన్ అనే స్త్రీల వైద్యుడు ఒక పుస్తకం వేశాడు. కాన్పు తర్వాత వచ్చే జ్వరంతో తల్లులు చనిపోతున్న రోజులవి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీల యోనిలో కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా ఉంటుందనీ, అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి చీము పుట్టించే క్రిముల్ని పెరగనివ్వదనీ చూపించాడు. (యోని అన్న మాట మన పత్రికలో రాయొచ్చా అని మా ఎడిటర్‌ని అడిగాను. ముక్కు అని రాస్తే అడిగేవాడివా అంది. రాసేశాను.) పాలని పెరుగు చేసే బ్యాక్టీరియాకి ఇది చుట్టం. చాలాకాలం దాన్ని డోడర్లైన్ బాసిల్లస్ అనే పిలిచారు. మా అక్క డబ్బా మీదున్న పేర్లన్నీ ఆ వంశమే.

ఇక్కడ కొంచెం కెమికల్ ఇంజినీర్‌గా మాట్లాడనివ్వండి. ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడ కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం పేరుకుంటుంది. కణాలు రాలినప్పుడు అది విరిగి చిన్న చక్కెరలవుతుంది. లాక్టోబాసిల్లస్ ఆ చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం వదుల్తుంది. పీహెచ్ 3.5 నుంచి 4.5 మధ్యకి దిగుతుంది. పెరుగు గిన్నెలో జరిగేదీ ఈ తంతే. శరీరమే ఫీడ్ ఇస్తుంది, బ్యాక్టీరియా ఉత్ప్రేరకం, ఆమ్లం ఉత్పత్తి, అది బయటి క్రిములకి అడ్డుగోడ. నిరంతరం నడిచే రియాక్టర్. ఎప్పుడైనా ఈ కాపురం చెదిరి వేరే క్రిములు గుంపుగా చేరితే పీహెచ్ పెరుగుతుంది, దాన్ని బ్యాక్టీరియల్ వజైనోసిస్ అంటారు. ఇంకో విచిత్రం, ఇంత గట్టిగా లాక్టోబాసిల్లస్ రాజ్యం మనుషుల్లోనే, మిగతా క్షీరదాల్లో ఇలా ఉండదు. అందుకే ఎలుకల మీద పరీక్షించి తేల్చేద్దాం అంటే కుదరదు.

మళ్లీ పారిస్‌కి వద్దాం. యాభై దాటాక మెచ్నికోవ్‌కి ముసలితనం మీద పడింది ధ్యాస. ముసలితనాన్ని చదివే శాస్త్రానికి జెరంటాలజీ అని పేరు పెట్టింది ఆయనే, 1903లో. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విషాలు వదుల్తాయి, అవి రక్తంలో కలిసి మనిషిని ముసలివాణ్ని చేస్తాయి, పులిసిన పాలలోని బ్యాక్టీరియాని పంపిస్తే ఆమ్లంతో ఆ కుళ్లు ఆగుతుంది అన్నది ఆయన లెక్క. బల్గేరియా పల్లెల్లో పులిసిన పాలు తాగేవాళ్లలో నూరేళ్లు దాటినవాళ్లు చాలామంది ఉన్నారన్న కబురు దీనికి ఆధారం. 1905లో జెనీవాలో చదువుకుంటున్న బల్గేరియా విద్యార్థి స్టామెన్ గ్రిగొరోవ్ ఆ పాలలోని బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. అప్పటికి గ్రిగొరోవ్ వయసు మన సీనియర్లకంటే పెద్ద ఎక్కువేం కాదు, 27.

మెచ్నికోవ్ రోజూ పులిసిన పాలు తాగేవాడు. 1907లో ఆయుష్షు పెంచుకోవడం మీద పుస్తకం రాశాడు. దాంతో యూరప్, అమెరికాల్లో పులిసిన పాల పిచ్చి పట్టుకుంది. ఆయన పేరు చెప్పి మాత్రలు, పొడులు అమ్మారు. లండన్‌లో అర్బుత్నాట్ లేన్ అనే సర్జన్ ఇంకో అడుగు ముందుకేసి, విషం పుట్టేది పెద్దపేగులోనే కదా అని దాన్నే కోసి తీసేయడం మొదలెట్టాడు.

నా కంప్లయింట్ ఇక్కడే. గులాబీ ముల్లు మనిషీ, పులిసిన పాల మనిషీ ఒకడేనా అనిపించింది. ముల్లు విషయంలో పాతికేళ్లు ప్రయోగం మీద ప్రయోగం చేసి ఎదుటివాణ్ని ఒప్పించాడు. పాల విషయంలో ఆ ఓపిక పట్టలేదు. పాలు తాగినవాళ్లనీ తాగనివాళ్లనీ పక్కపక్కన పెట్టి లెక్కేసింది లేదు. ముసలివాళ్ల వయసులు పుట్టిన తేదీ కాగితాలతో సరిచూసింది లేదు. పల్లెల్లో తాతలు తమ వయసు కలిపి చెప్పుకోవడం మనకి తెలీనిదా? 1921లో అమెరికాలో యేల్ యూనివర్సిటీకి చెందిన రెట్గర్, చెప్లిన్ అనే ఇద్దరు, ఆ బల్గేరియా బ్యాక్టీరియా మనిషి పేగుల్లో కాపురమే ఉండదని తేల్చేశారు.

అయినా ఆయన్ని కొట్టిపారేయలేం. ఆ రోజుల్లోనే రూతో కలిసి చింపాంజీకి సిఫిలిస్ అంటించవచ్చని చూపించాడు. పాదరసపు లేపనం వెంటనే రాస్తే జబ్బు ఆగుతుందని ఒక మెడిసిన్ విద్యార్థి తన ఒంటి మీదే పరీక్ష చేయించుకున్నాడు. ఇలాంటి మందులొస్తే జనం చెడిపోతారని కొందరు పెద్దలు గొణిగారు. ఆ గొణుగుడు కూడా మనకి కొత్త కాదు. ఇంకో ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. టాల్‌స్టాయ్ రాసిన ఇవాన్ ఇల్యిచ్ మరణం కథకి ఆధారం మెచ్నికోవ్ సొంత అన్న ఇవానే. 1909లో ఈయన టాల్‌స్టాయ్ ఇంటికి వెళ్లి ఒక రోజంతా గడిపాడు కూడా.

1915లో డెబ్భై నిండితే, మా ఇంట్లో ఎవరూ ఇంతకాలం బతకలేదని సంబరపడ్డాడు. బయట మొదటి ప్రపంచ యుద్ధం, ల్యాబ్‌లు ఖాళీ, కుర్రాళ్లంతా యుద్ధభూమిలో. గుండె ఇక ఆగేలా ఉందని తెలిసి, ఒకప్పుడు పాశ్చర్ కాపురమున్న గదుల్లోనే మంచం పట్టాడు. తను పోయాక శరీరం కోసి పేగులు జాగ్రత్తగా చూడమని సహచరుడికి చెప్పిపెట్టాడు. 1916 జూలై 15న పోయాడు. బూడిద ఉన్న పాత్ర పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో పుస్తకాల మధ్య ఉంది.

ఆయన పోయిన మూడేళ్లకి, 1919లో, బార్సిలోనాలో ఐజాక్ కరాసో పెరుగు తయారుచేసి మందుల షాపుల్లో అమ్మించాడు, డానోన్ అలా పుట్టింది. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో ఒక లాక్టోబాసిల్లస్‌ని వేరుచేశాడు, 1935లో యాకుల్ట్ వచ్చింది. ప్రోబయోటిక్ అన్న మాట ఈ అర్థంలో స్థిరపడింది ఇంకా దశాబ్దాల తర్వాత. ఆ దారి వెంట నడుస్తూ వస్తే చివర్న మా అక్క చేతిలోని డబ్బా.

మరి అక్కకి ఏం చెప్పాలి?

2011లో అమెరికాలో 396 మంది స్త్రీల నమూనాలని డీఎన్ఏ పద్ధతిలో చదివారు. ఐదు రకాల కాపురాలు కనిపించాయి, నాలుగింటిలో ఏదో ఒక లాక్టోబాసిల్లస్‌దే పెత్తనం, ఐదోదాంట్లో కాదు. ఆ ఐదోరకంలోనూ చక్కటి ఆరోగ్యంతో ఉన్నవాళ్లు ఉన్నారు. 2016లో స్పెయిన్ పరిశోధకులు ఐవీఎఫ్ చేయించుకుంటున్న 35 మంది గర్భసంచి ద్రవాన్ని చూశారు. లాక్టోబాసిల్లస్ 90 శాతానికి పైగా ఉన్నవాళ్లలో బిడ్డ చేతికొచ్చింది 58.8 శాతం మందికి, లేనివాళ్లలో 6.7 శాతానికే. ఈ అంకె చూసి నేను కుర్చీలోంచి లేచాను. అక్కకి ఫోన్ చేయబోయి ఆగాను. ముప్ఫై అయిదు మంది. మా సెక్షన్‌లో సగం. పైగా లాక్టోబాసిల్లస్ తక్కువుండటం వల్ల నిలవలేదా, వేరే ఏదో కారణం రెండింటినీ దెబ్బతీసిందా అన్నది ఈ అంకె చెప్పదు. గర్భసంచిలో బ్యాక్టీరియా అసలే బహు తక్కువ. నమూనా తీసే గొట్టం యోని గుండానే వెళ్లాలి, దారిలో అంటుకున్నదెంతో అక్కడున్నదెంతో విడదీయడం కష్టం. సిగ్నల్ కంటే నాయిస్ పెద్దది, ఈసీఈ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మందు సంగతి చూస్తే, 2020లో లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ అనే రకాన్ని నేరుగా యోనిలో పెట్టే పరీక్ష 228 మంది మీద జరిగింది. వజైనోసిస్‌కి యాంటీబయోటిక్ వాడాక ఇది వాడినవాళ్లలో 12 వారాల్లోపు తిరగబెట్టింది 30 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 45 శాతానికి. అంటే తోడు పడుతుంది, అందరికీ కాదు. అయితే అది పిల్లల కోసం చేసిన పరీక్ష కాదు. ఐవీఎఫ్‌కి ముందు ఇలాంటివి పెట్టి చూసిన పరీక్షలు డెన్మార్క్‌లో జరిగాయి, గర్భం నిలిచే అవకాశం పెరగలేదు. నోటితో మింగే క్యాప్సూల్ సంగతి ఇంకా బలహీనం. అక్క డబ్బా మీద క్రిస్పాటస్ లేనే లేదు.

పాలు తోడుకోవాలంటే తోడు ఒక్కటే చాలదని అమ్మని అడిగితే చెప్తుంది. పాలు గోరువెచ్చగా ఉండాలి, గిన్నె కదపకూడదు, చలికాలమైతే దుప్పటి కప్పాలి. తోడు లేని రోజు పచ్చిమిరపకాయ తొడిమలు వేసినా తోడుకుంటుంది, ఒక్కోసారి ఎంత మంచి తోడు వేసినా నీళ్లలాగే ఉంటుంది. నేను ఇంటికి ఫోన్ చేసి అక్కకి ఇంచుమించు ఇదే భాషలో చెప్పాను. మీరు చెప్పేది శాస్త్రం కానిది కాదు, ఇంకా తేలనిది, ఆ తేడా డాక్టర్‌ని అడగమన్నాను. ఇన్ఫెక్షన్ ఏదైనా ఉందేమో మామూలు స్వాబ్ పరీక్షతో చూసి, ఉంటే వైద్యం చేయించుకోవడం మాత్రం అందరూ ఒప్పుకునేదే అని కూడా చెప్పాను. ఇంకోటి కూడా అడిగాను, బావ పరీక్షలు మళ్లీ ఎప్పుడు చేశారని. మూడేళ్ల కిందట ఒక్కసారి. క్యాప్సూళ్లు, ఇంజెక్షన్లు, ఉపవాసాలు, మొక్కులు అన్నీ అక్కకే.

అక్క వెళ్లి అడిగింది. పెద్ద డాక్టరమ్మ దాచలేదట, ఈ పరీక్ష వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని ఇంకా రుజువు లేదని ఒప్పుకున్నారట. రెండుసార్లు పోయినవాళ్లకి ఏదో ఒకటి చేయాలి కదా అనిపించి రాస్తున్నామన్నారట. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అయితే అక్కకి ఆ మాట మెసీనా మనిషి కంటే దగ్గరగా అనిపించినట్టుంది. రెండుసార్లు పోయాక ఏదో ఒకటి చేయాలనే తనకీ ఉంది. పరీక్ష మానేసింది. స్వాబ్ చేయించుకుంది, ఏమీ లేదు. బావ కూడా మళ్లీ టెస్టులకి వెళ్లాడు. డబ్బా మాత్రం కొనేసింది కాబట్టి పూర్తిచేస్తానంది, నేనూ వద్దనలేదు.

ఓల్గా తర్వాతి కాలంలో బొమ్మలు గీసింది, శిల్పాలు చెక్కింది, భర్త పోయాక ఆయన జీవితం మొత్తం ఒక పుస్తకంగా రాసింది. 1921లో ఇంగ్లీషులో వచ్చింది, ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. అక్క అడిగితే పీడీఎఫ్ పంపాను. రోజుకి రెండు పేజీలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుతోంది. నిన్న ఫోన్ చేసినప్పుడు సర్కస్‌కి వెళ్లిన పిల్లలు ఇంటికి ఇంకా తిరిగి రాలేదంది. ట్రాన్స్‌ఫర్ ఉగాది వెళ్లిన పదో రోజుకి పెట్టారు. నాకు ఆ రోజు హీట్ ట్రాన్స్‌ఫర్ ఇంటర్నల్ ఉంది. ఫోన్ ఇన్విజిలేటర్ టేబుల్ మీద పెట్టి రాయాలి.